సైడ్ స్కర్ట్స్ బిగింపు: కారు ఎక్కడెక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి

స్పోర్ట్స్ కారుకు విడిగా కొన్న సైడ్ స్కర్ట్స్ (డోర్ల కింద, ముందు వెనక చక్రాల మధ్య బిగించే పొడవాటి పట్టీలు) ఒకే షెడ్డులో ఒక పూటలో బిగించేయవచ్చని చాలామంది అనుకుంటారు. బిగించాక ముందు చక్రం వెనక సందు కనిపించినా, మధ్యలో స్కర్ట్ అలలా తేలినా నింద పార్టు మీదకే పోతుంది. నిజానికి చాలాసార్లు లోపం పని జరిగిన చోటులో, కారు అక్కడ నిలిచిన సమయంలో ఉంటుంది. అందుకే కారును ఏ పనికి ఎక్కడికి తీసుకెళ్లాలో, ఎక్కడ రాత్రి వదిలేయాలో ముందే ఖాయం చేసుకోవాలి.

మొదట వెళ్లాల్సింది పెయింటర్ దగ్గరకు కాదు, వీల్ అలైన్‌మెంట్ చేసే చోటుకి. అక్కడి నేల లేదా ర్యాంపు మట్టంగా ఉంటుంది, కారు తన నాలుగు చక్రాల మీదే నిలుస్తుంది, కింద మనిషి పనిచేయడానికి జాగా ఉంటుంది. రెండు స్తంభాల లిఫ్ట్ ఈ పనికి పనికిరాదు. దాని చేతులు ఆనేది స్కర్ట్ కూర్చోవాల్సిన సిల్ (డోర్ల కింద బాడీకి ఉండే స్టీలు అంచు) దగ్గరే. పైగా చక్రాలు కిందికి వేలాడతాయి కాబట్టి చక్రపు తోరణం దగ్గర చూసే కొలత ఏదీ నమ్మలేం. టైర్లలో గాలి సరిచూసి, డిక్కీ ఖాళీ చేసి, రంగు వేయని స్కర్ట్‌ను మాస్కింగ్ టేపుతో నిలబెట్టి చూడాలి. ముందు చక్రం వెనక, మధ్యలో, వెనక చక్రం ముందు నేల నుంచి ఎత్తు రాసుకోవాలి. కుడి ఎడమల తేడా 3 మి.మీ. దాటితే స్ప్రింగులు సమానంగా ఉన్నాయో లేదో చూడాలి. స్కర్ట్‌ను మాత్రం నేలను బట్టి కాక డోరు కింది గీతను బట్టే అమర్చాలి. చూసేవారి కన్ను పడేది ఆ గీత మీదే. డోరుకూ స్కర్ట్ పై అంచుకూ కనీసం 5 మి.మీ. ఎడం ఉండాలి. హింజ్‌లు అరిగిన కారులో డోరు తెరవగానే కాస్త కిందికి దిగుతుంది, కాబట్టి పూర్తిగా తెరిచి కూడా చూడాలి.

పార్టు గుణం తెలిసేది కూడా ఇక్కడే. ఫైబర్‌గ్లాస్ అయితే మెలి తిరిగి ఉండటం, రెండు వైపులా పొడవు తేడాగా ఉండటం సాధారణం. దాన్ని వేడి చేసి లొంగదీయాలని చూడకూడదు. లోపలి అంచును అరగదీసి, తక్కువైన చోట పుట్టీతో నింపాలి. పాలీయురేథేన్ స్కర్ట్ ప్యాకింగ్‌లో వంగి వస్తే చదునైన బల్ల మీద వెచ్చగా పరిచి ఉంచితే చాలావరకు తిన్నబడుతుంది. ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో చేసిన స్కర్ట్ సుమారు 100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కాబట్టి హీట్ గన్ దూరంగా పట్టుకుని కదిలిస్తూనే ఉండాలి. ఫైబర్‌గ్లాస్ గానీ కార్బన్ గానీ కోసేటప్పుడు మాస్కు లేకుండా పని మొదలుపెట్టవద్దు.

రంధ్రాల స్థానాలన్నీ గుర్తుపెట్టి, స్కర్ట్‌లో రంధ్రాలు చేసేశాకే పెయింట్ బూత్‌కు పంపాలి. రంగు వేశాక డ్రిల్ పెడితే అంచున పెచ్చు లేస్తుంది. ప్రైమర్‌కు ముందు 320 లేదా 400 నంబరు పేపరు, రంగుకు ముందు 600 నుంచి 800 వాటర్ పేపరు సరిపోతుంది. పాలీయురేథేన్ పార్టుకు రంగులో ఫ్లెక్స్ అడిటివ్ (పార్టు వంగినా రంగు పగలకుండా కలిపే ద్రవం) కలుపుతారా అని పెయింటర్‌ను అడగండి. ఆ మాట కొత్తగా విన్నట్టు చూస్తే ఆ బూత్ వదిలేయడమే మంచిది. మెటాలిక్ రంగైతే రెండు స్కర్ట్స్‌నూ ఒకే డబ్బాలోని రంగుతో, కారు మీద ఎలా ఉంటాయో అదే వాలులో నిలబెట్టి కొట్టాలి. పడుకోబెట్టి కొడితే రేణువులు వేరేలా సర్దుకుంటాయి, ఎండలో స్కర్ట్ ఒక ఛాయ, డోరు ఒక ఛాయగా కనిపిస్తాయి. 60 డిగ్రీల బేకింగ్‌లో రెండు కొనలకు వేలాడదీసిన పొడవాటి ప్లాస్టిక్ మధ్యలో జారుతుంది. పొడవునా ఆనిక ఉన్న స్టాండు మీదే పెట్టించాలి. ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు: వెనక వైపు డబుల్ సైడ్ టేపు అంటించే దారిని పెయింట్ పడకుండా మాస్క్ చేయించాలి. టేపు రంగును పట్టుకుంటే దాని బలం ఆ రంగు పొర బలం కంటే మించదు.

అసలు బిగింపుకు నీడ ఉన్న, తలుపులు మూసుకోగల గ్యారేజీకే మా ఓటు. ఆరుబయట పనిచేసే యాక్సెసరీ షాపులో చేతులు ఎంత నేర్పరివైనా దుమ్ము, ఎండ వారి చేతిలో ఉండవు. ఇందాక చెప్పిన డబుల్ సైడ్ టేపుగా వాడే అక్రిలిక్ ఫోమ్ టేపుకు అనువైన వేడి సుమారు 21 నుంచి 38 డిగ్రీలు. సిల్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి తుడిచి, ఆరాక అంటించి పొడవునా గట్టిగా నొక్కాలి. మామూలు గది వేడిలో 20 నిమిషాలకు పట్టు దాదాపు సగం వస్తుంది, 24 గంటలకు 90 శాతం, 72 గంటలకు పూర్తి. అంటే గంటలో పని ముగించి తాళాలు చేతిలో పెట్టే షాపు, స్క్రూల బలం మీద మాత్రమే ఆ మాట చెప్పగలదు. పాలీయురేథేన్ జిగురు వాడితే ఆగడం ఇంకా తప్పదు. అది గాలిలోని తేమతో గట్టిపడుతూ రోజుకు 3, 4 మి.మీ. లోతు మాత్రమే వెళుతుంది. పైన చర్మం కట్టినంత మాత్రాన లోపల ఆరినట్టు కాదు. కారును రాత్రంతా అక్కడే, మాస్కింగ్ టేపు పట్టీలతో బిగించి ఉంచగల చోటు ఎంచుకోండి.

అలలు లేవడానికి అసలు కారణం వేడి. 1.8 మీటర్ల ఏబీఎస్ స్కర్ట్ 40 డిగ్రీల మార్పుకు 5 నుంచి 7 మి.మీ. సాగుతుంది, దాని వెనకున్న స్టీలు సిల్ 1 మి.మీ. కూడా సాగదు. రెండు కొనలనూ కదలకుండా బిగిస్తే ఆ పొడవు మధ్యలో ఉబ్బు కాక ఇంకెక్కడికి పోతుంది? కాబట్టి మధ్య స్క్రూ ఒక్కటే గుండ్రటి రంధ్రంలో, మిగతావన్నీ పొడవాటి రంధ్రాల్లో ఉండాలి. కొనల దగ్గర రంధ్రం పొడవు 10 నుంచి 12 మి.మీ. చాలు. వెడల్పు వాషర్ వేసి, మధ్య నుంచి కొనలకు ఒక్కొక్కటిగా చేత్తో బిగించాలి. ఇంపాక్ట్ గన్ పెట్టనివ్వకండి. టేపు మందం కూడా ఇక్కడే లెక్కకొస్తుంది. ఫోమ్ టేపు పక్కవాటుకు తన మందానికి మూడు రెట్ల దాకా కదలిక ఓర్చుకుంటుంది. 1.1 మి.మీ. టేపు 3 మి.మీ. పైచిలుకు తట్టుకుంటుంది, మధ్యలో బిగించిన స్కర్ట్ కొనకు కావలసింది దాదాపు అంతే. 0.6 మి.మీ. టేపు చాలదు.

సిల్ కింద 4.2 మి.మీ. సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలకు 3 మి.మీ. పైలట్ రంధ్రం వేస్తారు. 25 నుంచి 30 సెం.మీ.కు ఒకటి, 16 మి.మీ. పొడవు మించకుండా. తరచు విప్పాల్సిన చోట ఎం6 రివెట్ నట్లు (రేకు రంధ్రంలోనే బిగుసుకుని నిలిచే నట్లు) మేలు, వాటికి సాధారణంగా 9 మి.మీ. రంధ్రం కావాలి. డ్రిల్ పెట్టిన ప్రతి అంచునూ నున్నగా గీకి, తుప్పు పట్టని ప్రైమర్ పూసి, లోపలికి క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల్లో తుప్పు రాకుండా కొట్టే మైనం) కొట్టాలి. బిల్లులో ఈ పనికి లెక్క లేని షాపు దీన్ని చేయలేదనే అనుకోవాలి. సిల్ అడుగున ఉన్న నీరు కారే రంధ్రాలు మూసుకుపోతే లోపలి నుంచే తుప్పు మొదలవుతుంది. ఎలక్ట్రిక్ కారులో సిల్ పక్కనే బ్యాటరీ పెట్టె ఉంటుంది, పెట్రోలు కారులో అడుగున బ్రేకు గొట్టాలు వెళ్తాయి. కింద కవరు విప్పి కళ్లారా చూడకుండా డ్రిల్ ముట్టుకునేవారి చేతికి కారు ఇవ్వొద్దు.

ఇక దూర ప్రయాణం. స్కర్ట్స్‌తో కారు ఎంత దిగిందో తెలిసేది మిట్టల మీదే. చక్రాల మధ్య దూరం 2575 మి.మీ., నేల నుంచి ఎత్తు 130 మి.మీ. ఉన్న కారు సుమారు 11.5 డిగ్రీల మిట్టను తగలకుండా దాటుతుంది. స్కర్ట్ 30 మి.మీ. కిందికి వస్తే అది 9 డిగ్రీలకు పడిపోతుంది. రద్దీ ఊళ్లలో బస వెతికేటప్పుడు గది కంటే ముందు పార్కింగ్ సంగతి అడగాలి. నేలమాళిగ పార్కింగ్‌లో ర్యాంపు మొదలయ్యే, ముగిసే చోట్ల విరుపు పదునుగా ఉంటే కొంచెం తక్కువ సౌకర్యమున్న గదైనా ఆరుబయట పార్కింగ్ ఉన్న బసే నయం. కారు వేరేవారి చేత పెట్టించే చోట, మీరే పార్కు చేస్తామని ముందుగా చెప్పండి.

దారిలో సర్వీసుల విషయానికొస్తే, బ్రష్‌లు తిరిగే ఆటోమేటిక్ వాష్‌కు వెళ్లకండి, పై అంచు కింద బ్రష్ పట్టుకుని లాగుతుంది. ప్రెషర్ వాష్ ఫరవాలేదు, గొట్టం 30 సెం.మీ. దూరంలో ఉంచి, కింది నుంచి పై సందులోకి కొట్టకుండా చూసుకోవాలి. పంక్చరు షాపులో జాకీ పెట్టే చోటు మీరే చూపించండి, లేదంటే అలవాటుగా స్కర్ట్ అంచుకే ఆనిస్తారు. సన్నటి రబ్బరు ప్యాడ్ ఒకటి డిక్కీలో ఉంచుకోండి. కారు ఆగిపోతే దాన్ని మొత్తంగా పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ వాహనమే పిలవాలి. పొడవైన ర్యాంపు ఉందా, చక్రాల కింద వేసే చెక్కలు ఉన్నాయా అని ఫోనులోనే అడగాలి. కారు ఎక్కించాక పట్టీలు చక్రాలకే కట్టాలి, స్కర్ట్ మీదుగా పోకూడదు. మొదటి 100 కిలోమీటర్ల తర్వాత వచ్చే బసలో, కారు చల్లారాక, ముందు చక్రం వెనకనున్న మొదటి స్క్రూ నుంచి అన్నింటినీ చేత్తో మరోసారి చూడండి. రాళ్ల దెబ్బ ముందు తగిలేది, వదులు ముందు కనిపించేది అక్కడే.