ఊళ్లో ఇల్లు: అమ్ముడా, పంచుకునుడా, ఒకరికి విడుచుడా?

"నాయిన పోయినంక ఇల్లేం చేసిన్రు?" ఈ ఏడాది ఏ పెళ్లికి పోయినా ఇదే మాట. అడిగేవాళ్లకు కూడా తాళం వేసిన ఇల్లొకటి ఉంటుంది. మాది దేవరకొండ దగ్గర ఊరు. అమ్మ ముందే పోయింది. ఇద్దరు అక్కలు, నేను, తమ్ముడు.

అమ్మి పంచుకుంటే లెక్క తేలిక. ఒకరికి డబ్బు గట్టి అవసరముంటే అదే న్యాయం. గోడ పెట్టి పంచుకోవడం నాకు నచ్చదు. తలా ఒక అర్ర వస్తే వంటిల్లెవరిది? కిరాయికిస్తే వచ్చేది సున్నం వేయించడానికి కూడా చాలదు.

అందరికీ ఇష్టమైంది ఉమ్మడిగా ఉంచుకోవడం. మేమూ అదే చేశాం. మిరుగుకు, అంటే మృగశిర కార్తెకు ముందు పెంకలు సర్దించాలి. ఎవరికి వారు ఇంకొకరు చూస్తారులే అనుకున్నాం. మొదటి వానకాలం దేవునర్రలో ఒక మూల కురిసింది. రెండో ఏడు అక్కడి వాసానికి చెదలు పట్టింది. సద్దుల బతుకమ్మకు పోయి తలుపు తీస్తే, అమ్మ బతుకమ్మ పేర్చే చోట గోడ మట్టి కరిగి బండల మీద పేరుకుంది. పెద్దక్క పూలసంచి పక్కన పెట్టి, మాట్లాడకుండా చీపురందుకుంది.

అందుకే ధర సంగతి తర్వాత. ఏటా ఇల్లు కప్పించేది ఎవరు? ఒక పేరు చెప్పగలిగితే ఇల్లు వాళ్లకే ఇచ్చి, మిగతావాళ్లు పాలుకు డబ్బు తీసుకోవాలి. చెప్పలేకపోతే ఈ ఏడే అమ్మేయండి. కూలినంక జాగ ధరే వస్తుంది.

మా ఇల్లు దేవరకొండలో ఉండే తమ్ముడు తీసుకున్నాడు. ఆడబిడ్డలకు చీర పెట్టి సంతకం తీసుకోమన్నారు పెద్దమనుషులు. నేను ఒప్పుకోలేదు. వీలునామా లేకుంటే నాయిన స్వార్జితంలో బిడ్డలకూ కొడుకులతో సమానంగా పాలుంది. అన్నదమ్ములు పంచుకునేదాకా ఆడబిడ్డ ఇంట్లో పంపకం అడగరాదన్న 1956 హిందూ వారసత్వ చట్టంలోని 23వ సెక్షన్ కూడా 2005లోనే పోయింది. అక్కల ఖాతాల్లో డబ్బు పడ్డాకే మా పాలు తమ్ముడికి వదులుకుంటున్నట్టు ముగ్గురం విడుదల దస్తావేజు రిజిస్ట్రీ చేయించాం. ఇలాంటి విడుదల తెల్లకాగితం మీద రాసుకుంటే చెల్లదు.

మొన్న మిరుగుకు ముందు తమ్ముడు ఇల్లు కప్పించాడు. మా నాటి గూనపెంకలు ఇప్పుడు దొరకడం లేదు. పక్కూళ్లో ఎవరో పాత ఇల్లు విప్పుతుంటే ట్రాక్టర్‌లో తెచ్చుకున్నాడు.