మద్యం మానిపించడంతో ఆగని క్లినిక్

మద్యం మానినా గుండెదడ, భయం వదలనివాళ్ళు గుంటూరులో ఎవరైనా ఉంటే ఈ క్లినిక్‌కి రండి. నేను బట్టల దుకాణాలకు లెక్కలు రాస్తాను. ఇక్కడికి రాకముందు మద్యం మానడానికి చేరిన ఒక వసతి కేంద్రంలో చేతుల వణుకు తగ్గగానే ఇంటికి పంపేశారు. నెలలో 20వ తేదీ, అంటే జీఎస్టీ రిటర్ను గడువు, దగ్గరపడితే ఛాతీ బిగుసుకుపోతోందని చెబితే "మనసు గట్టి చేసుకోండి" అన్నారు. అది వైద్యం కాదు.

ఇక్కడ డాక్టరుగారు మొదట అడిగిందే వేరు: "తాగుడు అలవాటు కాకముందు కూడా ఈ భయం ఉండేదా?" మా ఆవిడని, అమ్మని విడిగా కూర్చోబెట్టి అడిగారు. పదో తరగతి పరీక్షల రోజుల్లో పొద్దున్నే వాంతులు చేసుకునేవాడినని అమ్మ చెప్పింది. ఇన్నేళ్ళలో ఏ డాక్టరూ ఆ మాట రాబట్టలేదు.

మద్యం కొన్ని గంటలు మెదడును నెమ్మదింపజేస్తుంది. రోజూ తాగితే మెదడు దానికి ఎదురు నిలిచేలా ఉద్రేకం పెంచుకుంటుంది. మత్తు దిగగానే ఆ ఉద్రేకమంతా ఆందోళనగా బయటపడుతుంది, దాన్ని అణచడానికి మళ్ళీ గ్లాసు. మానేశాక రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామందికి ఇది తగ్గుతుంది, అప్పటికీ మిగిలిన భయాన్ని వేరే జబ్బుగా చూడాలి అని డాక్టరుగారు కాగితం మీద గీసి చెప్పారు. అందుకే నాకు ఆందోళన తగ్గించే సెర్ట్రలిన్ ఆ నాలుగు వారాలు దాటాకే రాశారు. వణుకు తగ్గడానికి ఇచ్చిన మాత్రలను మాత్రం రోజురోజుకీ తగ్గించి ఆపేశారు. అవి కొనసాగించడం లేదని హాల్లో కొందరు గొడవపడతారు. డాక్టరుగారిదే సరైన పద్ధతి, ఎక్కువ రోజులు వాడితే ఆ మాత్రలకూ బానిసలవుతారు.

రోజూ ఎక్కువగా తాగేవాళ్ళు ఇంట్లో ఒక్కసారిగా మానేయకండి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి తప్పే ప్రమాదం కూడా ఉంది. ఈ క్లినిక్‌లో పడకలు లేవు. అలాంటివారిని పెద్దాసుపత్రికి పంపిస్తారు, దగ్గర ఉంచుకుని ఫీజు గుంజరు.

కౌన్సెలర్ చిన్న వయసువాడే అయినా ఓపిక చాలా ఉంది. "గడువు దాటితే షావుకారు పనిలోంచి తీసేస్తాడు" అని నేను రాసిన వాక్యం ఎదురుగా, ఇంతవరకు నిజంగా ఏం జరిగిందో రాయించాడు. గడువు రోజున ఆకలితో దుకాణం నుంచి బయలుదేరవద్దని, ఏదైనా తిన్నాకే, బార్ ఉన్న వీధి దాటమని చెప్పాడు. ఈ చిన్న మాట నాకు అన్నిటికన్నా ఎక్కువగా పనిచేసింది.

లోపాలూ ఉన్నాయి. కౌన్సెలర్ ఒక్కడే కావడంతో ఆయన సెలవు పెడితే ఆ వారం పోయినట్టే. హాల్లో పేరు పెట్టి గట్టిగా పిలుస్తారు. ఒకరికొకరు తెలిసిన ఊళ్ళో అది చాలా బాధ కలిగిస్తుంది, టోకెన్ నంబరు పిలిస్తే సరిపోతుంది. సాయంత్రం ఆరుకే మూసేస్తారు, మాలాంటివాళ్ళకు కష్టం మొదలయ్యేదే అప్పుడు. చీటీ వెనక మాత్రం ఫోన్లో మానసిక ఆరోగ్య సలహాలిచ్చే టెలీ మానస్ నంబరు 14416 ముద్రించారు. ఆ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు నుంచి ఉంది, రాత్రీ పగలూ ఉచితంగా తెలుగులో మాట్లాడతారు.

మొదటిసారి వచ్చేటప్పుడు మీ చిన్నతనం తెలిసిన ఇంటివాళ్ళను వెంట తెచ్చుకోండి, పాత మందుల చీటీలన్నీ పట్టుకురండి.