కాగితం ఎవరి దగ్గరుంది? టోనీ మారిసన్ ‘ఎ మెర్సీ’

అమెరికా వలసల కాలపు ఒప్పంద కూలీల నవలల్లో ఓడ, కొరడా, పారిపోవడం తప్పకుండా ఉంటాయి. ఎన్నేళ్లు పనిచేస్తే విడుదలో ఆ గడువు లెక్క పెద్దగా ఎవరూ రాయరు. 2008లో వచ్చిన అమెరికన్ రచయిత్రి టోనీ మారిసన్ నవల ‘ఎ మెర్సీ’ ఆ లెక్క రాసింది. కథాకాలం 1680లు, 1690.

అందులోని ఒప్పంద కూలీ విల్లార్డ్‌ సంగతే చూడండి. వర్జీనియా తోట యజమానికి ఏడేళ్లకు అమ్ముడుపోయాడు, ఇరవై ఒకటో ఏట విడుదల కావాలి. దొంగతనం, కొట్లాట పేరుతో ఇంకో మూడేళ్లు వేశారు. ఎక్కడో ఉత్తరాన ఒక గోధుమ రైతుకు మళ్లీ అప్పజెప్పారు. అక్కడ గోధుమకు తెగులొచ్చింది, రైతు పశువుల్లోకి దిగాడు, మేతకు నేల చాల్లేదు. పొరుగు రైతు జేకబ్ వార్క్ నేల ఇచ్చాడు, బదులుగా విల్లార్డ్ రెక్కల కష్టం వెళ్లింది. ఇందులో అతిశయోక్తి లేదు. గడువు పెంచడం చట్టంలోనే ఉంది: పారిపోయి దొరికితే పోయిన రోజులకు రెట్టింపు పని చేయాలన్నది అప్పటి వర్జీనియా చట్టం.

నిజానికి కూలీకీ యజమానికీ మధ్య ఒప్పందాన్ని ఒకే కాగితం మీద రెండుసార్లు రాసి, మధ్యలో రంపపు పళ్లలా కోసి, చెరో సగం ఉంచుకునేవారు. తగాదా వస్తే పళ్లు కలవాలి. ఇలాంటి ఒప్పందానికి ఇంగ్లీషులో ఇండెంచర్ అన్న పేరు ఆ కోత నుంచే వచ్చింది. నవలలోని మరో కూలీ స్కల్లీ దగ్గర ఆ సగం కూడా లేదు. తల్లి చనిపోతే ఆమె ఒప్పందం కొడుకు నెత్తిన పడింది. తండ్రినంటూ వచ్చినవాడు బాకీ తీర్చి, ఆ ఖర్చు రాబట్టుకోవడానికి కుర్రాణ్ణి అద్దెకిచ్చాడు. గడువు త్వరలోనే తీరుతుందట, ఎప్పుడో మాత్రం స్కల్లీకి తెలియదు. (దీన్ని వెట్టి అనలేం, వెట్టికి కాగితమే ఉండదు. కోరంగి రేవు నుంచి మారిషస్ ఓడలెక్కిన మనవాళ్ల గిరిమిట్టే, అంటే కూలి ఒప్పందమే, దీనికి దగ్గరి చుట్టం.)

స్వతంత్రుడైన నల్ల కమ్మరికి కూలి డబ్బు ముడుతుందని తెలిసి విల్లార్డ్ కుతకుతలాడతాడు. ఆ కమ్మరే ఇంటిపేరుతో ‘మిస్టర్ బాండ్’ అని పిలిచేసరికి మెత్తబడతాడు. పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చిన చోటు ఇదే.

లోటు ఒకటుంది: ఈ ఇద్దరికీ కలిపి దక్కింది ఒక్క అధ్యాయం, అదీ చివరి భాగంలో. కథ ప్రధానంగా బానిస పిల్ల ఫ్లోరెన్స్‌ది. అధ్యాయాలకు పేర్లు లేవు, ఫ్లోరెన్స్ గొంతు విరిగిన ఇంగ్లీషులో మాటిమాటికీ మధ్యలో వస్తుంది. మొదటి అధ్యాయం కొరుకుడు పడకపోతే జేకబ్ ప్రయాణం ఉన్న రెండోది చదివి వెనక్కి రండి. ఆఖరి అధ్యాయం మాత్రం ముందు తెరవొద్దు, అది ఫ్లోరెన్స్ తల్లి చెప్పే మాట.