సెయింట్ పీటర్స్‌బర్గ్ ‘నగర దర్శనం, మూర్మన్‌స్క్ రైలు’ ప్యాకేజీ కొనేవారికి జాగ్రత్త హెచ్చరిక

అక్టోబరు చివరి వారంలో నేను, నా భార్య, అరవై ఆరేళ్ల మా అమ్మ రష్యా వెళ్లి వచ్చాము. ధ్రువకాంతులు చూడటానికి రైలులో రష్యా ఉత్తర కొసనున్న మూర్మన్‌స్క్ వెళ్లే ముందు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒక పగలంతా ఖాళీ దొరకడంతో, హైదరాబాద్‌లోని ఒక ట్రావెల్ ఏజెంటుకు ముగ్గురికి కలిపి 54,000 రూపాయలు కట్టి ఒక ప్యాకేజీ కొన్నాము. హెర్మిటేజ్ మ్యూజియం, పీటర్‌హోఫ్ ఫౌంటెన్లు, కాలువల్లో పడవ విహారం, మధ్యాహ్న భోజనం, స్టేషను వరకు వాహనం, ఆపైన రైలులో తలుపు వేసుకునే నాలుగు బెర్తుల కూపేలో లోయర్ బెర్తులు అని అందులో రాసి ఇచ్చారు. వీటిలో మాకు సక్రమంగా అందింది భోజనం ఒక్కటే. ఏజెంటు ఇప్పుడు తప్పంతా వర్షం మీదికి నెడుతున్నాడు. ఆ రోజు ఎడతెరిపి లేకుండా వాన కురిసిన మాట నిజమే కానీ, మా డబ్బు పోయింది వానవల్ల కాదు, క్యాలెండరు చూడకుండా అమ్మినవారి వల్ల.

అసలు ఏజెంటు మీద ఎందుకు ఆధారపడ్డారని అడగవచ్చు. 2022 మార్చి నుంచి రష్యా వెలుపల జారీ అయిన వీసా కంపెనీ కార్డులు, మాస్టర్‌కార్డులు అక్కడ పనిచేయడం లేదు. మన బ్యాంకు కార్డుతో రైలు టికెట్టు గానీ మ్యూజియం టికెట్టు గానీ ఇంట్లో కూర్చుని నేరుగా కొనుక్కోవడం కుదరక, చాలామంది మధ్యవర్తిని పట్టుకోవలసి వస్తోంది. ఆ అవసరం ఏజెంట్లకు బాగా తెలుసు.

మా నగర దర్శనం సోమవారం నాడు పడింది. హెర్మిటేజ్‌కు సోమవారం సెలవు. 1764లో రెండవ కేథరిన్ కాలంలో మొదలైన, ప్రపంచంలోని అతి పెద్ద మ్యూజియాల్లో ఒకటైన ఆ భవనం ముందు మేము గొడుగులు పట్టుకుని నిలబడ్డాము. గొడుగులు అన్నాను కానీ, నేవా నది మీదుగా వచ్చే గాలికి మా అమ్మ గొడుగు మొదటి పది నిమిషాల్లోనే ఊచలు విరిగి తిరగబడింది. మాకు గైడుగా వచ్చినవాడు అక్కడే ఎంబీబీఎస్ చదువుతున్న మన తెలుగు కుర్రవాడు. అతని తప్పేమీ లేదు. “సార్, సోమవారం ఇది మూసే ఉంటుందని నిన్న రాత్రే మీ ఏజెంటు వాళ్లకు మెసేజ్ పెట్టాను. ఎలాగోలా మేనేజ్ చెయ్యమన్నారు” అని తలవంచుకుని చెప్పాడు. అతను మాట్లాడుతుండగానే నది అవతలి కోటలో రోజూ పన్నెండింటికి పేల్చే ఫిరంగి పేలి, మా అమ్మ ఉలిక్కిపడింది. ప్రవేశ రుసుము లేని కజాన్ కేథడ్రల్‌లోకి అతనే తీసుకువెళ్లి మమ్మల్ని కాసేపు వెచ్చగా కూర్చోబెట్టాడు. ఆ రోజు మొత్తంలో మనసుకు నచ్చిన చోటు అదే. అది ప్యాకేజీలో లేదు.

భోజనం కాగానే నగరానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని పీటర్‌హోఫ్‌కు వానలో, ట్రాఫిక్‌లో గంటన్నర ప్రయాణం చేశాము. అక్కడి ఫౌంటెన్లు ఏప్రిల్ చివర మొదలై అక్టోబరు మధ్యకల్లా ఆగిపోతాయి. ఏజెంటు పంపిన ఫొటోలో సింహం నోరు చీలుస్తున్న బంగారు సామ్సన్ విగ్రహం నుంచి 20 మీటర్ల ఎత్తుకు నీళ్లు ఎగజిమ్ముతున్నాయి. మేము చూసినప్పుడు ఆ విగ్రహం మీద నీరు ఉంది కానీ, అది ఆకాశం నుంచి పడుతున్న నీరు. పోనీ లోపలి రాజభవనమైనా చూద్దామంటే దానికీ సోమవారమే సెలవు. ఒకే ప్యాకేజీలో సోమవారం మూసి ఉండే రెండు చోట్లను సోమవారానికే పెట్టడానికి కూడా ఒక రకమైన ప్రతిభ ఉండాలి.

పడవ విహారం విషయంలో మాత్రం నేను ఎవరినీ నిందించను. పడమటి గాలికి కాలువల్లో నీటిమట్టం పెరిగితే, తక్కువ ఎత్తుండే వంతెనల కింద పడవలు దూరవు. ఆ సాయంత్రం అదే జరిగింది. అయితే నడవని పడవకు డబ్బు వెనక్కి ఇవ్వాలి కదా అన్న ప్రశ్నకు నాకు ఇంతవరకు సమాధానం రాలేదు.

ఐదున్నరకల్లా చీకటి పడింది. డ్రైవరు మమ్మల్ని, మా నాలుగు సూట్‌కేసులను మస్కోవ్‌స్కీ స్టేషను ముందు దింపి వెళ్లిపోయాడు. ఆ నగరంలో ఐదు పెద్ద రైల్వే స్టేషన్లు ఉన్నాయి; మా మూర్మన్‌స్క్ రైలు బయలుదేరేది 2003లో కట్టిన లాదోజ్‌స్కీ స్టేషను నుంచి. కాచిగూడ రైలు ఎక్కవలసినవాణ్ణి నాంపల్లిలో దింపినట్లయింది. రైలుకు ఇంకా గంటంబావు ఉండటం, గైడు కుర్రవాడు మమ్మల్ని వదలకుండా వెంట ఉండటం మా అదృష్టం. పక్కనే ఉన్న మయకోవ్‌స్కయా మెట్రోలో ఎక్కి, తరువాతి స్టేషను అలెగ్జాండర్ నెవ్‌స్కీ స్క్వేర్‌లో నాలుగో లైనుకు మారితే, అక్కడి నుంచి రెండో స్టేషనే లాదోజ్‌స్కయా. అంత దగ్గరే అయినా, తడిసిన సామానుతో, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మతో ఆ నగరపు లోతైన మెట్రో ఎస్కలేటర్లు ఎక్కి దిగడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. స్టేషను పేరు టికెట్టు మీద రాసే ఉంటుంది. ఏజెంటు మాత్రం మాకు టికెట్టులో సగం కత్తిరించిన ఫొటోను ముందురోజు రాత్రి పంపాడు.

ఆ ఫొటోలోనే మరో మోసం కూడా ఉంది, దాన్ని గమనించకపోవడం నా తప్పు. మా బెర్తులు 36, 37, 38. రష్యా రైళ్లలో మామూలు కూపే బోగీలో ఉండేవి 36 బెర్తులే. 37 అనే అంకె కనబడిందంటే అది కూపే కాదు, 54 బెర్తులు ఉండి తలుపులు లేని ‘ప్లత్స్కార్త్’ బోగీ. మన స్లీపర్ క్లాసులాంటిది. టికెట్టు మీద బోగీ సంఖ్య పక్కన ఇంటి ద్వారబంధం ఆకారంలో ఉండే అక్షరం కనిపించినా అది ప్లత్స్కార్త్ అనే అర్థం. పైగా సరి సంఖ్యలన్నీ అప్పర్ బెర్తులు, మా మూడూ టాయిలెట్ వైపు చివరివి. అమ్మకు వచ్చిన 37వ నంబరు సైడ్ లోయర్. మధ్యలోని బల్లను మడిచి తిప్పితే గానీ అది పడక కాదు. ఇరవై నాలుగు గంటలకు పైగా సాగే ప్రయాణంలో ఎవరు టాయిలెట్‌కు వెళ్లినా ఆ తలుపు ఆమె తల దగ్గరే ధడేలుమనేది. దుప్పట్లు వద్దని ఎంచుకుంటే ప్లత్స్కార్త్ టికెట్టు కొంత చవకగా వస్తుంది. మా ఏజెంటు ఆ కాస్త కూడా మిగుల్చుకున్నాడు. బోగీ చూసుకునే ఆవిడకు రూబుళ్లు ఇచ్చి దుప్పట్లు తీసుకున్నాము. ఆవిడే మా అమ్మ పరిస్థితి చూసి, లోహపు పిడి తొడిగిన గాజు గ్లాసులో వేడి టీ తెచ్చి ఇచ్చింది.

తిరిగివచ్చాక నేను ఏజెంటుకు వివరంగా రాసి డబ్బు అడిగితే, “వాతావరణం మన చేతిలో లేదు సార్” అని మొదలుపెట్టి, తరువాతి టూరులో 3,000 రూపాయలు తగ్గిస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు కనుక, అక్కడికి వెళ్లడానికి రసీదు, మెసేజ్‌లు, టికెట్ల ఫొటోలు అన్నీ దాచి ఉంచాను. ఇటువంటి ప్యాకేజీకి ఇప్పటికే డబ్బు కట్టినవారు పూర్తి టికెట్టు కాపీ తెప్పించుకుని బోగీ రకం, బెర్తుల అంకెలు, స్టేషను పేరు ఈరోజే చూసుకోండి. నగర దర్శనం వారంలో ఏ రోజున పడుతుందో, ఆ రోజు ఏది తెరిచి ఉంటుందో రాతపూర్వకంగా అడగండి.

నిన్న ఉదయం అదే ఏజెంటు వాట్సాప్ స్టేటస్‌లో డిసెంబరు బ్యాచ్ ప్రకటన పెట్టాడు. పైన సామ్సన్ విగ్రహం, ఎగజిమ్ముతున్న నీళ్లు. కింద ‘పీటర్‌హోఫ్ ఫౌంటెన్లతో సహా’ అని ఎర్ర అక్షరాలు.