ముందు ఏది చదవాలి: దిని నవలా, అయు ఉతామి నవలా?

ఇండోనేషియా రచయిత్రుల నవల ఒక్కటే చదివే తీరిక ఉంటే ఏది తీసుకోవాలి? నా మటుకు పోటీ రెండింటి మధ్యే: ఎన్.హెచ్. దిని 1970ల మొదట్లో తెచ్చిన 'పాడా సెబువా కపల్' (ఒక ఓడ మీద), 1998లో వచ్చిన అయు ఉతామి 'సామన్'. రెండింటిలోనూ ఒక నాట్యకత్తె ఉంది.

దిని కథలో నాట్యకత్తె పేరు శ్రీ, ఒక ఫ్రెంచి దౌత్యాధికారి భార్య. ప్రేమ లేని కాపురం. ఓడ ప్రయాణంలో మిషెల్ అనే అతనితో ప్రేమలో పడుతుంది, అందుకు కుమిలిపోదు. ఆ రోజుల్లో అంత మాట రాయడమే సాహసం. దిని గొంతు పెంచదు, మనసులో మాట మెల్లగా విప్పుతుంది.

'సామన్'లో నాట్యకత్తె శకుంతల వేరే తరహా మనిషి. అవును, మన శకుంతల పేరే. జావా వాళ్లకీ భారతం సొంత కథే. చిన్నప్పుడు తల్లి ఆమెకి చెబుతుంది, నువ్వు పింగాణీ పాత్రవి, పగిలితే పనికిరావని. మన ఇళ్లలో ముల్లూ ఆకూ సామెత విని పెరిగిన ఏ ఆడపిల్లకైనా ఆ మాట తగులుతుంది. వీసా కోసం ఇంటిపేరు రాయమంటే, తండ్రి పేరు నేనెందుకు పెట్టుకోవాలని అడుగుతుంది. పెళ్లితో ఇంటిపేరు మార్చుకున్న నేను అక్కడ చాలాసేపు ఆగిపోయాను.

అయినా నా ఓటు 'సామన్'కి పడింది శకుంతల వల్ల కాదు, ప్రబుములిహ్ వల్ల. దక్షిణ సుమత్రాలోని ఆ ఊళ్లో విస్ అనే యువ క్యాథలిక్ ఫాదర్, మతి స్థిమితం లేని ఉపి అనే అమ్మాయిని బోనులో బంధించి ఉంచడం చూస్తాడు. విడిపించలేక ఇంకాస్త మంచి బోను కట్టిస్తాడు. తర్వాత రబ్బరు రైతుల భూమి కోసం నిలబడి, చిత్రహింసలు పడి, సామన్‌గా పేరు మార్చుకుంటాడు. ఆడవాళ్ల ఒంటి మీదా రైతుల నేల మీదా పెత్తనం ఒక్కటేనని అయు ఉతామి కథతోనే చూపించింది. ఆమె స్వయంగా జర్నలిస్టు. 1994లో ఇండోనేషియా నియంత సుహార్తో ప్రభుత్వం 'టెంపో' సహా మూడు పత్రికలను మూయించాక స్వతంత్ర జర్నలిస్టుల సంఘం పెట్టినవాళ్లలో ఒకరు. నవల వచ్చిన కొద్ది వారాలకే, మే 21న, సుహార్తో దిగిపోయాడు.

ఇలాంటి రచనలకి అక్కడ 'సస్త్ర వంగి', అంటే పరిమళ సాహిత్యం, అని పేరు పెట్టారు. నాకది అవమానంగా తోస్తుంది. చిత్రహింసల గది గురించి రాసిన పుస్తకానికి అత్తరు పేరేమిటి?

దాంపత్యంలో ఒంటరితనం గురించి నెమ్మదిగా చదవాలనుకుంటే దిని. మిగతా అందరికీ 'సామన్'. ఇంగ్లిష్ అనువాదం 2005లో వచ్చింది. కథ న్యూయార్క్ పార్కులో లైలా అనే అమ్మాయి ఎదురుచూపుతో మొదలవుతుంది, అక్కడ కాస్త ఓపిక పట్టండి. ప్రబుములిహ్ ఆ తర్వాతే.