అంబు బ్యాగ్‌కు వంకలేదు, మాస్కే ముంచుతోంది

అంబు బ్యాగ్ అంటే ఊపిరి చాలనివాళ్ల ముఖానికి మాస్క్ పెట్టి, చేత్తో పిండి గాలి అందించే సంచి. మా బ్యాగ్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్‌కు ఎన్నిసార్లు వెళ్లొచ్చినా సిలికాన్ మెత్తదనం పోలేదు, పిండి వదిలితే వెంటనే ఉబ్బుతుంది. నా గొడవంతా దాంతోపాటు వచ్చిన పెద్దల మాస్క్ మీద, అందులోనూ అంచు చుట్టూ ఉండే గాలి కుషన్ మీద.

కొత్తలో మెచ్చుకున్నది కూడా ఆ కుషన్‌నే. ముక్కు దూలం దగ్గర, గడ్డం దగ్గర చక్కగా అతుక్కునేది. వాడగా వాడగా గాలి ఎక్కించే చిన్న రంధ్రం బిరడా వదులైంది. లోపలి గాలి రోజుల తరబడి మెల్లగా దిగిపోతుంది. చూపుకు మాత్రం కుషన్ నిండుగానే ఉంటుంది. వేలితో నొక్కితేనే లోపలి గట్టి అంచు తగులుతుంది.

చిక్కేమిటంటే, డ్యూటీ మొదట్లో అందరం చేసే పరీక్షలో ఇది బయటపడదు. రోగివైపు గాలి వదిలే కవాటం, అంటే పేషెంట్ వాల్వ్ మూతిని అరచేత్తో మూసి బ్యాగ్ పిండుతాం, గాలి నిలిస్తే సరే అనుకుంటాం. ఆ పరీక్ష బ్యాగ్‌కూ వాల్వ్‌కే. మాస్క్‌ను ఎవరూ పట్టించుకోరు.

దిగిపోయిన కుషన్‌ను ముఖం మీద పెడితే కళ్లవైపు, చెంపల పక్కన గాలి బుస్సుమంటుంది. బ్యాగ్ ఏ అడ్డూ లేనట్టు సులువుగా పిండుకుపోతుంది, ఛాతీ మాత్రం లేవదు. అప్పుడు మాస్క్‌ను ముఖం మీదికి అదమాలనిపిస్తుంది. అదిమితే దవడ వెనక్కి పోయి, నాలుక గొంతుకు అడ్డంపడి, ఉన్న కాస్త దారీ మూసుకుపోతుంది. ఇప్పుడు బ్యాగ్ బిగుస్తుంది. ఇంకా బలంగా పిండితే గాలి పొట్టలోకి వెళ్తుంది, పొట్ట ఉబ్బి వాంతి పైకి వస్తుంది, అది వాల్వ్‌లోని పలుచటి రబ్బరు పెదవులకు అంటుకుంటే బ్యాగే పనిచేయదు. ఇదంతా ఒక బిరడా పుణ్యం.

అందుకే బ్యాగ్‌తో పాటు కుషన్‌లో గాలి నింపడానికి సూది లేని సిరంజి ఒకటి ఉంచుతున్నాను. ఇన్ని మిల్లీలీటర్లని లెక్క లేదు. వేలితో నొక్కితే కాస్త లొంగాలి, తీస్తే తిరిగి లేవాలి. ముక్కు వైపు, రెండు చెంపల వైపు, గడ్డం వైపు నాలుగు చోట్లా చూడాలి. డప్పులా బిగించి నింపితే అంచు ముఖం వంపులకు ఒదగదు, లీకు ఇంకా ఎక్కువ. ఆటోక్లేవ్‌కు పనికొచ్చే మాస్క్ అయితే పంపేముందు బిరడా తెరవాలి, లేకపోతే లోపల చిక్కిన గాలి వ్యాకోచించి అతుకులు వదులవుతాయి. సంచిలో మిగతా సామాను దీని మీద పడేయకూడదు, మడతపడిన కుషన్‌కు ఆ మడతే మిగిలిపోతుంది.

ముందు మెచ్చుకున్నానన్నానుగా, అది పళ్లున్న నున్నటి ముఖాలకే. చెంపలు లోపలికి పోయిన ముసలివాళ్ల దగ్గర కుషన్ నిండుగా ఉన్నా లీకవుతుంది. కట్టుడు పళ్లు గట్టిగా ఉంటే తీయకుండా ఉంచితే మేలు. పళ్లు లేనివాళ్లకు మాస్క్ కింది అంచును గడ్డం మీంచి కింది పెదవి పైకి జరిపి చూడండి. ఒత్తుగా గడ్డం పెంచినవాళ్లకు జెల్లీ రాస్తే కొంత పనికొస్తుంది.

ఇద్దరుంటే ఒకరు రెండు చేతులతో మాస్క్ పట్టి దవడను ముందుకు ఎత్తాలి, ఇంకొకరు బ్యాగ్ పిండాలి. పెద్దవాళ్లకు 500 నుంచి 600 మి.లీ. చాలు, బ్యాగ్ మొత్తం పిండక్కర్లేదు. నాడి ఉండి శ్వాస చాలనివాళ్లకు 6 సెకన్లకు ఒక ఊపిరి, దానికి ఒక సెకను. ఆక్సిజన్ నిమిషానికి 15 లీటర్లు పెట్టినా, బ్యాగ్ వెనక ఆక్సిజన్ నిలవుండే రిజర్వాయర్ సంచి ఊపిరికీ ఊపిరికీ మధ్య చప్పబడిపోతుంటే ముందు గొట్టం ఎక్కడైనా ఊడిందేమో చూడాలి.

కొనమంటానా? మా అంబులెన్స్‌లో ఎప్పుడూ ఇద్దరం ఉంటాం, కుషన్ చూసుకునే తీరికా ఉంది కాబట్టి మాకు నడుస్తోంది. ఒక్కరే వెళ్లే చోటుకైతే, బ్యాగ్ ఇదే ఉంచి, గాలి ఎక్కించే రంధ్రం లేకుండా మూసేసి వచ్చే డిస్పోజబుల్ మాస్క్‌లు రెండు సైజుల్లో పెట్టుకోమంటాను. బ్యాగ్‌కు బిగించే మూతి కొలత ఎలాగూ 22 మి.మీ. కనుక ఈ బ్యాగ్‌కే సరిపోతాయి.