లావు పుస్తకం: రోజూ పదిహేను పేజీలా, ఆదివారం ఆరు గంటలా?

వెయ్యి పేజీల నవల మొదలుపెట్టిన వాళ్లకు సలహాలు రెండు రకాలుగా వస్తాయి. రోజూ కాస్త కాస్త చదవమనేవాళ్లు కొందరు. సెలవు చూసుకుని, ఫోన్ పక్క గదిలో పడేసి, ఏకబిగిన లాగించమనేవాళ్లు కొందరు. నేను రెండూ చేసి చూశాను. రెండింట్లోనూ బోల్తా పడ్డాను, కాకపోతే వేర్వేరు చోట్ల.

ఆదివారం పద్ధతిలో లెక్క చూడముచ్చటగా ఉంటుంది. గంటకు 40 పేజీల చొప్పున 1,200 పేజీలంటే 30 గంటలు. ఆదివారానికి ఆరు గంటలు పెడితే ఐదు వారాల్లో అయిపోవాలి. తీరా ఒక ఆదివారం ఎవరో వస్తారు, మరో ఆదివారం తలనొప్పి. మూడు వారాల తర్వాత 340వ పేజీ తెరిస్తే, టోపీ తీసి చేత్తో పట్టుకుని గదిలోకి వచ్చిన పెద్దమనిషి ఎవరో తెలియదు. అతన్ని చూడగానే అందరూ మాటలు ఆపేశారు. ఎందుకు ఆపేశారో అంతకన్నా తెలియదు. తెలియాలంటే యాభై పేజీలు వెనక్కి వెళ్లాలి. నా పుస్తకాలు మూలపడింది ఎక్కువగా ఇలాంటి చోటే. లావు చూసి భయపడి వదిలేసినవి తక్కువ, మధ్యలో ఎడం వచ్చి వదిలేసినవే ఎక్కువ.

రోజూ 15 పేజీల పద్ధతిలో అదే పుస్తకానికి 80 రోజులు పడుతుంది. వినడానికి నత్తనడకలా ఉంటుంది గానీ, నిన్న చదివింది ఇవాళ గుర్తుంటుంది. పైగా చాలా పెద్ద నవలలు అలా చదవడానికి వీలుగానే ఉంటాయి. టాల్‌స్టాయ్ ‘యుద్ధము-శాంతి’లో 361 అధ్యాయాలు, ఎక్కువ భాగం చిన్నవి. విక్టర్ హ్యూగో ‘లే మిజరబుల్’లో 365. రోజుకొకటి చొప్పున ఏడాది పొడుగునా చదివేవాళ్లు ఈ రెంటికీ ఉన్నారు. డికెన్స్ పెద్ద నవలలు కొన్ని మొదట నెలకు 32 పేజీల భాగాలుగానే వచ్చాయి. అప్పటి పాఠకులు ఒక్కో నవలను ఏడాదిన్నరకు పైగా చదివారు. కాబట్టి ముక్కలుగా చదివితే పుస్తకానికేదో అన్యాయం చేస్తున్నామన్న బెంగ అక్కర్లేదు.

ఈ పద్ధతి దెబ్బతినేది మొదట్లోనే. తొలి వంద పేజీల్లో పాత్రలన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. రష్యన్ నవలల్లో అయితే ఒకే మనిషిని ఒకరు పియెర్ అంటారు, ఇంకొకరు ప్యోత్ర్ కిరిల్లొవిచ్ అంటారు, మూడోవాళ్లు బెజూఖొవ్ అంటారు. రోజుకు పదిహేను పేజీలు చదువుతూ పోతే వీళ్లు ముగ్గురనుకుని వారం గడిచిపోతుంది. నేను అనుకున్నాను.

అందుకని ఇప్పుడు మొదటి వంద పేజీలూ ఒకటి రెండు సిట్టింగ్‌లలో చదివేసి, ఆ తర్వాత రోజువారీకి దిగుతున్నాను. చివరి వంద పేజీల సంగతి చెప్పనక్కర్లేదు, అవి ఎలాగూ రాత్రి మేలుకునైనా చదివిస్తాయి. ఒకటే పద్ధతి ఎంచుకోవాలి అంటే మాత్రం రోజువారీకే నా ఓటు. అధ్యాయం పూర్తయిన చోట ఆపను, తర్వాతి అధ్యాయం ఒక పేజీ చదివి ఆపుతాను. మర్నాడు పుస్తకం పట్టుకోవడానికి బద్ధకం వేయదు. బుక్‌మార్క్‌గా ఒక అట్టముక్క పెట్టుకుని, దాని మీదే పేర్లు రాసుకుంటాను: ఎవరు, ఎవరికి ఏమవుతారు, ఎవరికి బాకీ. పది పేర్లు చాలు. అన్నీ రాయబోతే అదో హోంవర్క్ అయి కూర్చుంటుంది.

అచ్చు పుస్తకమా, ఈ-రీడరా? పడుకుని చదివే అలవాటుంటే ఈ-రీడరే. తొమ్మిదివందల పేజీల పుస్తకం నిద్రమత్తులో ముక్కు మీద పడితే తెలుస్తుంది. మర్చిపోయిన పేరును వెతికితే మొదటిసారి ఎక్కడ వచ్చిందో క్షణంలో చూపిస్తుంది కూడా. దాంతో వచ్చిన చిక్కల్లా కింద కనిపించే శాతం. గంటసేపు చదివాక మూడు శాతం అంటే ప్రాణం ఉసూరుమంటుంది. అది కనిపించకుండా సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. అచ్చులో అయితే ఎడమ చేతిలో పేజీల మందం పెరుగుతుంటే అదో సంతోషం. ఒక పాత పేపర్‌బ్యాక్‌ను నేను కత్తితో వెన్ను దగ్గర కోసి రెండు భాగాలు చేసుకున్నాను. చూసిన స్నేహితుడు హత్య జరిగినట్టు మొహం పెట్టాడు. కానీ ఆ పుస్తకం పూర్తయింది.

ఆడియో? ‘యుద్ధము-శాంతి’ వినడానికి దాదాపు 60 గంటలు. సంభాషణలు చెవికి బాగుంటాయి, వర్ణనల్లో మనసు ఎటో వెళ్లిపోతుంది. ఎక్కడ వెళ్లిపోయిందో వెనక్కి వెళ్లి పట్టుకోవడం కష్టం. చదవడం కుదరని రోజున ఎడం రాకుండా చూసుకోవడానికి నేను వాడతాను, అంతే.

ఇక విసుగొచ్చిన పేజీలు దాటేయడమా, పట్టుబట్టి చదవడమా? దాటేయండి, తప్పేం లేదు. అయితే దాటేసే భాగంలో చివరి అధ్యాయం మాత్రం చదవండి. ‘లే మిజరబుల్’ రెండో సంపుటం మొదట్లో వాటర్లూ యుద్ధం మీద 19 అధ్యాయాలున్నాయి. కథ ఆగిపోయిందనుకుని చాలామంది ఎగిరి అవతలికి దూకుతారు. ఆ పంతొమ్మిదోదానిలోనే, రాత్రివేళ శవాల జేబులు వెతుక్కుంటూ తెనార్డియే, అంటే ఈ నవలలోని దుర్మార్గుడు, వస్తాడు. ఆ గుట్టలోంచి కొన ఊపిరితో ఉన్న ఒక అధికారిని, దోచుకోవడం కోసమే, బయటికి లాగుతాడు. తన ప్రాణం కాపాడాడనుకుని ఆ అధికారి అతని పేరు అడుగుతాడు. కొన్ని వందల పేజీల తర్వాత ఆ అధికారి కొడుకు కథలోకి వస్తాడు.